నంబరు లేని పేరు

నాలుగో రోజు

పాలు తొమ్మిదిసార్లు. తడిబట్టలు పదకొండు. పాపకి నిద్ర బాగానే పట్టింది, నాకే లేదు.

ఈ పుస్తకం నర్సు ఫిలోమినా ఇచ్చింది. ఎన్నిసార్లు తాగింది, ఎంత బరువుంది, ఒళ్లు వెచ్చబడిందా, అన్నీ రోజూ రాయమంది. బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. ఒళ్లు చల్లగానే ఉంది. పేజీలో ఇంకా బోలెడు చోటు మిగిలింది కాబట్టి నా గొడవ కూడా ఇందులోనే రాసుకుంటాను. ఇంట్లో చెబితే వినే నాథుడు లేడు.

గొడవంతా పేరు గురించి. నా పేరు నీలవేణి పదిహేడు. మా అమ్మానాన్నలు భీమిలి ఒడ్డు వదిలి ఈ తేలే ఊరికి వచ్చిన కొత్తలో అందరికీ సముద్రం మీద మహా మోజు. ఆడపిల్ల పుడితే నీలవేణి, కాకపోతే సాగరిక. ఒకే పేరు మళ్లీ వస్తే వెనకాల నంబరు తోక తగిలిస్తారు. నేను పదిహేడో నీలవేణిని. బళ్లో నన్ను నీలవేణి అన్నవాళ్లే లేరు. "పదిహేడూ, లే. పదిహేడూ, బోర్డు తుడువు." ఒకసారి ఈతపోటీ బహుమతికి పిలిచారని వేదిక ఎక్కాను. పిలిచింది పదకొండుని. అందరూ చూస్తుండగా దిగివచ్చాను.

నా కూతురికి తోక ఉండకూడదు. ఊళ్లో ఇంకెవరికీ లేని పేరు కావాలి. ఇంతే నేను అడిగేది.

మా ఆయన తవిటినాయుడు మోకుల పనివాడు. ఊరి అంతస్తులన్నీ విడిపోకుండా పట్టి ఉంచే తాళ్లను రోజూ చూసుకోవడం అతని ఉద్యోగం. "నంబరుంటే ఏటి నీలా? పిలిస్తే పలికితే సాలదా?" అన్నాడు. అతనికేం! నాలుగు వేలమందిలో ఒకే ఒక్క తవిటినాయుడు.

ఏడో రోజు

పాలు పదిసార్లు. కక్కింది ఒకసారి, నా ఒక్కగానొక్క మంచి చీర మీద.

కుట్లు లాగుతున్నా రెండో అంతస్తులోని పేర్ల కిటికీకి వెళ్లాను. అరగంట నిలబడ్డాక నా వంతు వచ్చింది. కిటికీ వెనక కనకరత్నం గారు. యాభై దాటిన మనిషి, తెల్లటి జుట్టు బిగించి ముడి వేసుకుంది. నా మొహం చూడలేదు.

"పేరు చెప్పమ్మా."

"మిహిర."

ఆవిడ ఆ పేరును మైకులో పలికింది. గోడలోంచి 'పిలుపు' గొంతు వినిపించింది. ఊరందరి పేర్లూ చూసే యంత్రానికి అదే పేరు.

"మిహిర. దగ్గరి పేర్లు మిహిత, నిహిర, మహిమ రెండు. కుదరదు."

"మిహిరకీ మహిమకీ పోలికేంటి మేడం?"

"గాలి హోరులో విను, తెలుస్తుంది," అంది ఆవిడ. ఆ తర్వాత, ఎన్ని వందలసార్లు చెప్పిందో అన్నట్టు గడగడా అప్పజెప్పింది. "ముప్పై రోజుల దాకా పాప నీ పేరు మీదే ఉంటుంది. గాలి గంట మోగి అందరూ అడుగుగదిలో దాక్కున్నప్పుడు నువ్వు 'వచ్చాను' అంటే ఇద్దరూ వచ్చినట్టే లెక్క. ముప్పై దాటితే విడిగా పేరుండాలి. నువ్వు పెట్టకపోతే పిలుపే ఒక పేరు, ఒక నంబరు ఇచ్చేస్తుంది. తర్వాతవాళ్లు రండి."

పదో రోజు

పాలు సరిగ్గా లెక్కపెట్టలేదు. ఎందుకంటే ఈరోజు గాలి గంట మోగించారు. నిజం గాలి కాదు, నెలనెలా చేసే సాధన.

పదిరోజుల బిడ్డతో తొంభై మెట్లు దిగి అడుగుగదిలో మూడు వందలమంది మధ్య నిలబడ్డాను. పిలుపు ఒక్కొక్క పేరే చదువుతుంది. పిలిచినవాళ్లు "వచ్చాను" అనాలి. అందరూ పలికాక లెక్క సరిపోతే ఇనుప తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఎవరైనా పలకకపోతే తలుపు ఆగుతుంది, వెతికేవాళ్లు బయటికి వెళతారు.

పిలుపు "అప్పలనరసమ్మ నాలుగు" అంది. అంటే మా అత్త. అత్త నోరు తెరిచేలోపే వెనక మూలనుంచి ఇంకో ముసలావిడ "వచ్చాను" అనేసింది. ఆవిడ అప్పలనరసమ్మ ఐదు. చెవులు సరిగ్గా వినపడవు.

"నన్ను పిలిస్తే నువ్వు పలుకుతావేటి?" అని అత్త, "నన్నే పిలిసినారు" అని ఆవిడ. సాధన పది నిమిషాలు ఆలస్యమైంది. పైకి ఎక్కుతూ, "చూశావా అత్తా, నంబరుంటే ఇదీ తంతు" అన్నాను.

"నంబరుది కాదే, దాని సెవులది తప్పు," అంది అత్త. "పిల్లకి పైడితల్లి అని ఎట్టు. అమ్మోరి పేరు."

"ఇప్పటికే ముప్పై ఒక్కమంది పైడితల్లులున్నారు. ఇది ముప్పై రెండు అవుతుంది."

"అయితే ఏటి? ముప్పై ఒక్కమందినీ అమ్మోరు సల్లగా సూత్తందా నేదా?"

దీనికి జవాబు ఎవరికైనా తెలిస్తే ఈ పుస్తకంలో రాసి వెళ్లవచ్చు.

పద్నాలుగో రోజు

పాలు పదిసార్లు. బరువు మూడు కిలోల నూట యాభై. ఫిలోమినా మెచ్చుకుంది.

పాలిస్తూ పాలిస్తూ నలభై పేర్ల పట్టీ రాశాను. పాత నిఘంటువు తిరగేసి, ఎవరూ వాడని మాటలు ఏరి మరీ రాశాను. ఈరోజు పది చెప్పి చూశాను. కిటికీ దగ్గర మనిషికి రోజుకి పదే అట.

పొగడ. మంచి పువ్వు పేరు. పిలుపు ఒప్పుకోలేదు. 'పొగ' అన్న మాట వినగానే నీళ్లు చిమ్మే గొట్టాలు తెరుచుకుంటాయట. నా కూతురిని పిలిచినప్పుడల్లా వంటింట్లో వాన కురుస్తుందన్నమాట.

జేగంట. గంట అన్న మాటే పేర్లలో ఉండకూడదట.

తుషార. ఉషారాణి ఆరుకి దగ్గరట. ఎక్కడ దగ్గరో ఆ గోడకే తెలియాలి.

తొమ్మిదోది కెంజాయ. ఎర్రటి రంగు, సూర్యుడు మునిగేవేళ సముద్రం మీద పరుచుకునేది. "కెంజాయ. దగ్గరి పేర్లు లేవు. కుదురుతుంది," అంది పిలుపు. నేను నమ్మలేక మళ్లీ అనిపించాను. కనకరత్నం గారు మొదటిసారి తలెత్తి, "బాగుంది" అంది. రేపు వచ్చి ఖాయం చేస్తానని చెప్పి ఇంటికి పరుగెత్తాను.

"ఏటీ?" అంది అత్త. "గంజాయా?"

"కెంజాయ, అత్తా. కెం."

"నీకు పిచ్చేటే? పసిబిడ్డని పట్టుకుని గంజాయి అంతావేటి?"

పక్కింటావిడ తలుపులోంచి తొంగిచూసి, "గంజాయి ఎక్కడ దొరికింది?" అంది. తవిటినాయుడు నవ్వాపుకోలేక అన్నం పళ్లెం పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పట్టీలో తొమ్మిదో పేరు నేనే కొట్టేశాను.

పదిహేడో రోజు

పాలు ఎనిమిది. ఈరోజు అది ఏడ్చినంతా నేనూ ఏడ్చాను.

కిటికీ దగ్గర మళ్లీ పది పేర్లు. పదీ కుదరలేదు. ఆఖరిది 'వెలిచాయ'. "దగ్గరి పేరు విజయ పన్నెండు" అని గోడ అనగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ యంత్రానికి చెముడు. మీకేమో గుండె లేదు. పేరు పెట్టుకోవడానికి ఇన్ని తిప్పలా? మీకు పిల్లలుంటే తెలిసేది!" అని అరిచాను. కనకరత్నం గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. "తర్వాతవాళ్లు రండి," అంది.

ఇంటికి వచ్చి అత్తకి చెప్పాను, నన్ను సమర్థిస్తుందని. అత్త చేతిలోని గుడ్డ మడత ఆపేసింది.

"ఎంత మాటనేసినావే! ఆయమ్మకి ఒక్కర్తే కూతురు. హాసిని. తొమ్మిదేళ్ల కిందట పెద్దగాలి రోజు పిలుపు 'హాసిని' అంటే, అడుగుగదిలో ఉన్న హాసిక తననే అనుకుని 'వచ్చాను' అనీసింది. హాసిక అని పిలిసినప్పుడు మళ్లీ పలికింది. లెక్క సరిపోనాది. తలుపు పడిపోనాది. ఆ పిల్ల బడి మెట్ల మీదే ఉండిపోనాది."

పెద్దగాలి రోజు ఒక పిల్ల దక్కలేదని నాకూ తెలుసు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, ఇంకో తేలే ఊరిలో మంచినీటి పని నేర్చుకుంటున్నాను. ఆ పిల్ల తల్లి ఈ కిటికీ వెనక కూర్చుని ఉందని తెలియదు.

"ఈ దగ్గరి పేర్లు ఒద్దన్న రూలు ఆయమ్మ కాళ్లరిగేలా తిరిగి ఎట్టించింది," అంది అత్త.

ఇరవయ్యో రోజు

పాలు పది.

క్షమించమని అడగడానికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపు ఆవిడే, "ఈరోజు పట్టీ తేలేదా?" అంది. ఈరోజు చదవడానికి రాలేదని పట్టీ ఆవిడ ముందే పెట్టేశాను. "ఇంకా పది రోజులుంది. వెతుకు," అంది. అంతే.

సిగ్గుతో వచ్చాను నిజమే. కానీ రూలుకి మంచి కారణం ఉన్నంతమాత్రాన పేరు దొరకదు కదా! ఇంట్లో మళ్లీ పైడితల్లి. తవిటినాయుడు తన తెలివి చూపించి 'తవిటమ్మ' అన్నాడు. ఊళ్లో ఒక్కరు కూడా లేరట. ఆ రాత్రికి అతనికి కూర వడ్డించలేదు.

ఇరవై మూడో రోజు

ఎన్నిసార్లు పాలిచ్చానో గుర్తులేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్త, "పిల్లకి ఎండ సూపించి తెత్తాను" అని బిడ్డను తీసుకుని వెళ్లింది. నేను మూడో అంతస్తులో బట్టలు ఉతుకుతున్నాను. ఉన్నట్టుండి ఎండ పోయింది. గాలి గంట మోగింది. ఈసారి సాధన కాదు. నా కళ్లముందే ఆరేసిన దుప్పటి తాడుతో సహా ఎగిరి సముద్రంలో పడింది.

గంట వింటే ఎక్కడివాళ్లు అక్కడినుంచే అడుగుగదికి రావాలి, ఒకరికోసం ఒకరు ఆగకూడదు. చిన్నప్పటినుంచి నూరిపోసిన మాట. అత్తకీ తెలుసు. నేను దిగాను. గదిలో మా వీధివాళ్లంతా తోసుకుంటున్నారు. ఎవరు ఎక్కడున్నారో కనబడటం లేదు. పిలుపు పేర్లు చదువుతోంది.

"అప్పలనరసమ్మ నాలుగు."

"వచ్చాను," అని వెనక మూలనుంచి వినిపించింది.

అమ్మయ్య అనుకున్నాను. అత్త వచ్చిందంటే బిడ్డ వచ్చినట్టే.

"నీలవేణి పదిహేడు, పాప."

"వచ్చాను," అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

కాసేపటికి పిలుపు "అప్పలనరసమ్మ ఐదు" అంది. అదే మూలనుంచి, అదే గొంతు, "వచ్చాను."

మనుషుల్ని తోసుకుంటూ ఆ మూలకి వెళ్లాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అప్పలనరసమ్మ ఐదు కూర్చుని ఉంది. అత్త లేదు.

"నాలుక్కి కూడా మీరే పలికారా?"

"రెండుసార్లు పిలిసినారమ్మా. రెండుసార్లూ పలికినాను," అంది ఆవిడ, మంచి పని చేసినట్టు.

"లెక్క సరిపోయింది," అంది పిలుపు. తలుపు కదిలింది.

తలుపు దగ్గర కాపలా గురుమూర్తి. అతని చొక్కా పట్టుకుని, మా అత్త బయటుంది, నా బిడ్డ బయటుంది, ఆపమని అరిచాను. "అందరూ వచ్చినట్టే ఉందమ్మా. వచ్చారన్నవాళ్లని రాలేదనిపించడం నా వల్ల కాదు. తలుపు నా సేతిలో నేదు," అన్నాడు. తలుపు సగం పడిపోయింది. నలుగురు పట్టుకుని లాగినా ఆగడం లేదు. నేను దూరి వెళ్లబోతే ఎవరో నడుం పట్టుకుని వెనక్కి లాగారు.

అప్పుడు గుంపులోంచి కనకరత్నం గారు వచ్చింది. ముడి ఊడిపోయి జుట్టంతా మొహం మీద ఉంది. గోడలోని మైకు దగ్గరికి నన్ను ఈడ్చుకెళ్లింది.

"విను. పలికిన పేరు ఇప్పుడు దిద్దలేం. కొత్త పేరు చేర్చగలం. చేరిస్తే లెక్క తప్పుతుంది, తలుపు ఆగుతుంది. నా గొంతు దానికి తెలుసు. పేరు చెప్పు!"

నలభై పేర్లు రాశాను. ఇరవైరోజులు అవే కలవరించాను. ఒక్కటీ గుర్తు రాలేదు. తలుపు సందులోంచి తెల్లటి నీళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ సందులోకి చూస్తూ, "రావే," అన్నాను. "రావే తల్లీ, రావే..."

"పేరు!" అని ఆవిడ నా భుజం పట్టి కుదిపింది. నా నోట్లో ఇంకో మాట లేదు. "రావే, రావే" అంటూనే ఉన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. మైకు మీదికి వంగింది.

"కొత్త పేరు. రావే. తల్లి నీలవేణి పదిహేడు."

"రావే," అంది పిలుపు. "దగ్గరి పేర్లు లేవు. చేర్చాను." ఆ తర్వాత, "రావే రాలేదు."

తలుపు ఆగింది. కింద జానెడు సందు ఉంది. మెల్లగా మళ్లీ పైకి లేచింది. ఇద్దరు వెతికేవాళ్లు నడుముకి తాళ్లు కట్టుకుని గాలిలోకి వెళ్లారు. ఊళ్లో ఉన్న మైకులన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. "రావే రాలేదు. రావే రాలేదు." ఐదు అంతస్తుల్లోనూ, ఆ హోరులో, అదే మాట. కనకరత్నం గారు నా చెయ్యి వదల్లేదు. ఆవిడ గోళ్లు నా అరచేతిలో దిగాయి. ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

పదకొండు నిమిషాలు పట్టిందని తర్వాత గురుమూర్తి చెప్పాడు.

ముందు అత్త గొంతు వినిపించింది, ఆ తర్వాతే మనిషి కనిపించింది. వెతికేవాళ్లు చెరో వైపు పట్టుకుని దింపుతున్నారు. నిలువెల్లా తడిసి, చీర కొంగుతో బిడ్డను గుండెకేసి కట్టుకుని ఉంది. ఆవిడ వస్తూ వస్తూనే నా మీద విరుచుకుపడింది.

"అత్తనని కూడా సూడకుండా మైకులో రావే అంతావేటే? ఊరూ వాడా ఇనేలాగ! రావే రాలేదు, రావే రాలేదు! నానేటి నీ ఈడుదాన్నా?"

నేను ఏడుస్తూ నవ్వుతూ బిడ్డను లాక్కున్నాను. దాని చెవి దగ్గర పసుపు రాసి ఉంది. ఎండ చూపిస్తానని అత్త తీసుకెళ్లింది అయిదో అంతస్తులోని అమ్మవారి గదికి. నాకు తెలియకుండా చెవిలో పైడితల్లి అని చెప్పేసి వద్దామని. గాలికి ఆ గది తలుపు బిగుసుకుపోయింది. లోపల ఉండి అరుస్తుంటే వెతికేవాళ్లు పగలగొట్టారు. దారి పొడుగునా వాళ్లు మైకులో పిలిచేది ఎవరినో చెప్పబోయారట. ఆవిడ వింటేగా!

ఇనుప తలుపు పడింది. ఈసారి అందరం లోపలే ఉన్నాం.

ఇరవై ఐదో రోజు

పాలు పన్నెండు. దానికేమీ కాలేదు. జలుబు కూడా లేదు. జలుబు చేసింది అత్తకి.

తవిటినాయుడు ఆరోజు తాళ్ల దగ్గరివాళ్లతో ఇంకో అడుగుగదిలో ఉన్నాడు. మైకులో 'రావే' వింటుంటే ఎవరి పిల్లో పాపం అనుకున్నాడట. తన పిల్లే అని తెలిసినప్పటినుంచి బిడ్డను కింద పెట్టడం లేదు. పనికి కూడా తీసుకెళతానంటున్నాడు.

అత్త ఇంకా చల్లారలేదు. "అదేం పేరే? పిల్లని రమ్మనాలంటే 'రావే, రావే' అనాలా? పొమ్మనాలంటే ఏటనాలి? 'రావే, పోవే' అనాలా?"

నిజానికి నాకూ ఆ సందేహమే ఉంది. కానీ అమ్మవారి గదికి దొంగచాటుగా వెళ్లిన మనిషికి ఆ సందేహం వెలిబుచ్చే హక్కు లేదని చెప్పాను. రెండు పూటలు మాటల్లేవు. మూడో పూట వేడినీళ్లు తనే కాచి బిడ్డకు స్నానం పోసింది. పోస్తూ పోస్తూ దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

పాలు ఇప్పటికి ఆరు. బరువు మూడు కిలోల ఏడు వందలు.

బిడ్డను ఎత్తుకుని పేర్ల కిటికీకి వెళ్లాను. గాలికి పగిలిన అద్దం స్థానంలో అట్టముక్క అంటించారు. కనకరత్నం గారు ముడి బిగించుకుని, ఎప్పట్లాగే కూర్చుని ఉంది.

"నువ్వు వదిలి వెళ్లిన పట్టీలో మిగిలినవి నేనే పిలుపుకి వినిపించాను," అంది. "ఒకటి కుదిరింది. నెత్తావి. కమ్మటి వాసన అని అర్థం కదా? దగ్గరి పేర్లు లేవు, నంబరు లేదు. ముప్పై రోజుల్లోపు మార్చుకోవచ్చు. హడావుడిలో నోటికొచ్చింది పిల్లకి జీవితాంతం ఉండాలని లేదు."

నెత్తావి. ఎంత బాగుంది! మూడు వారాల కిందట ఈ మాట అని ఉంటే ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకద్దుకునేదాన్ని.

"అందులో ఇప్పుడేం రాసి ఉంది మేడం?" అని అడిగాను.

ఆవిడ తెరను నా వైపు తిప్పింది. ఒకే వరస. రావే. దాని పక్కన, వచ్చింది.

బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

"మా హాసిని పేరు పక్కన కూడా అదే మాట ఉంది," అంది ఆవిడ మెల్లగా. "వచ్చింది అని. తొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. గాలి వెలిశాక దిద్దే అధికారం నాకే ఉంది. దిద్దలేదు."

బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"ఆవేళ పిల్లల గురించి అలా అన్నందుకు..." అన్నాను.

"వదిలెయ్. ఏ పేరు ఉంచమంటావు?"

"ఉన్నదే ఉండనివ్వండి."

"మీ అత్తగారు?"

"తిడుతుంది."

కనకరత్నం గారు నవ్వింది. ఈ నెల రోజుల్లో ఆవిడ నవ్వడం ఇదే చూడటం. ముద్ర తీసి, నొక్కబోయి ఆగింది. లేచి నిలబడి, కిటికీలోంచి సగం బయటికి వంగి, ఏడుస్తున్న బిడ్డ మొహం దగ్గరికి మొహం పెట్టి చూసింది. దుప్పట్లోంచి బయటికి తన్నుతున్న కాలు పట్టుకుంది. మడమ మీద బొటనవేలు ఆనించి అలా కాసేపు ఉంచింది.

"రావే," అని పిలిచింది.

బిడ్డ ఏడుపు ఆపి ఆవిడవైపు చూసింది.

"వచ్చింది," అని, ఆవిడ కూర్చుని ముద్ర నొక్కింది.